తోడేలును కట్టేసే చోటు

బావమరిది బతుకు కోరతాడని సామెత కట్టినవాడికి బావమరిది ఉండి ఉండడు. ఉన్నా చిట్టిలాంటివాడు అయి ఉండడు. చిట్టి అనేది ఇంట్లో పిలుపు. వయసు ముప్పై నాలుగు. బయట గోడలకు అతికించిన కాగితాల్లో మాత్రం ఆచార్యుడు, పరిశోధకుడు, మరుగున పడ్డ పాతకాలపు ఐరోపా బరోక్ స్వరకర్తలను వెలికితీసినవాడు. వెలికితీశాడట. బావిలోంచి చేద లాగినవాణ్ణి వదిలేసి, గ్లాసుతో తాగినవాడికి చప్పట్లు కొట్టినట్టుంది, అనుకున్నాడు తెర వెనక మడతకుర్చీలో కూర్చున్న బావ. పియానోకి తాతలాంటి హార్ప్సికార్డుకి శ్రుతి చేసేవాడు, యాభై రెండేళ్ళవాడు, ఆరో తరగతితో బడికి దండం పెట్టినవాడు. ఆదివారం పొద్దున పదకొండున్నర. విరామం అయిపోయి జనం దగ్గులు దగ్గుకుంటూ, కుర్చీలు కిర్రుమనిపిస్తూ మళ్ళీ సర్దుకుంటున్నారు. శ్రుతి తాళం అతని గుప్పిట్లో ఇంకా వెచ్చగానే ఉంది. ఇరవై నిమిషాల విరామంలో అతను ముట్టుకున్నవి పది తీగలు. పది బిరడాలు, ఒక్కోదానికి వెంట్రుకవాసి తిప్పుడు. ఎవరు చూసినా పని చేస్తున్నాడనే అనుకుంటారు. హాలు మేనేజరమ్మ చూసింది కూడా, కాఫీ కప్పుతో అటువైపు వెళుతూ, పాపం ఈయన విరామంలో కూడా కూర్చోడు అన్నట్టు తల పంకించింది. పాపమే తల్లీ, ఎవరిదో ఇంకో అరగంటలో తెలుస్తుంది.

పన్నెండు మెట్లనూ ఒకదానితో ఒకటి నికార్సుగా కలపడం పుట్టించినవాడి వల్ల కూడా కాదు. దుప్పటి పొట్టి, మంచం పొడుగు. తల కప్పుకుంటే కాళ్ళు బయట, కాళ్ళు కప్పుకుంటే తల బయట. ఇప్పటివాళ్ళు ఆ తక్కువను పన్నెండింటికీ సమానంగా పంచి, అన్నిటినీ తలా కాస్త చెడగొట్టి, బాగుందంటారు. ఆ పాతకాలపువాళ్ళకు మొహమాటం లేదు. పదకొండు కలయికలను మెత్తగా ఉంచి, మిగిలిన మురికంతా తెచ్చి ఒక్కచోట పోసేవారు. ఆ చోట రెండు మెట్లు కలిపి నొక్కితే చెక్క లోపలినుంచి ఊళ వస్తుంది. దానికి తోడేలు అని పేరు. శ్రుతి చేసేవాడి నేర్పంతా ఆ తోడేలును ఎవరూ నడవని మూలకు తీసుకెళ్ళి కట్టెయ్యడంలోనే ఉంది. ఈ కచేరీకి తోడేలు వద్దన్నాడు చిట్టి. మెత్తగా ఉంచు బావా, అన్నిచోట్లా మెత్తగా ఉంచు, జనానికి అలవాటైనట్టే వినపడాలి అన్నాడు. అలాగే ఉంచాడు, విరామందాకా. ఇప్పుడు మాత్రం ఒకే ఒక్క నల్లమెట్టును, అది పైనుంచి కిందిదాకా ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు, రెండు వరుసల తీగల్లోనూ కాస్త కిందికి దించాడు. ముందు వాయించే మూడు పాటల్లో అది తగిలినా ఏమీ కాదు, ఇంకా తియ్యగా ఉంటుంది. నాలుగోది, అతను గడియారంవాడు అని పేరు పెట్టుకున్నవాడి విలాపం. అందులో నడుమ, స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే గళ్ళు ఎనిమిది, సరిగ్గా ఆ మెట్టు మీదే, పక్కనున్న ఇంకో నల్లమెట్టును తోడు పెట్టుకుని కూర్చుంటాయి. అక్కడ కట్టేశాడు తోడేలును. ముందు వరుసలో పత్రికవాళ్ళు ముగ్గురు, రికార్డింగు కంపెనీ మనిషి ఒకడు ఉన్నారు. ఎనిమిది గళ్ళు చాలు. చెయ్యి వేస్తే కరుస్తుంది, తియ్యడానికి వీల్లేదు, నడిమధ్య ఆగితే పరువు పోతుంది, ఆగకపోతే ఇంకా పోతుంది.

చిట్టి నల్లకోటు సర్దుకుంటూ వచ్చి తెర అంచున నిలబడ్డాడు.

"బావా, అంతా చూశావుగా?"

"చూశాను."

"పైన ఆ సన్నతీగ కొంచెం జారినట్టుంది ఇందాక."

"బిగించాన్రా. నువ్వు పో. మొహం కాస్త నవ్వుతున్నట్టు పెట్టు, ఫోటోలు తీస్తున్నారు."

నవ్వుతూనే వెళ్ళాడు. చిన్నప్పుడూ అంతే, ఎటు పంపితే అటు నవ్వుతూ వెళ్ళేవాడు. పెళ్ళయిన రెండో నెలలో భార్య చెయ్యి పట్టుకుని వచ్చాడు, తొమ్మిదేళ్ళు, తల్లి పోయింది, తండ్రి ఇంకొకామెను తెచ్చుకున్నాడు, చేతిలో ఒక సంచి, సంచిలో రెండు చొక్కాలు. నాలుగు రోజులు ఉంటాడండీ అంది ఆవిడ. నాలుగు రోజులు పదమూడేళ్ళు అయ్యాయి. ఆ తొమ్మిదేళ్ళవాణ్ణి తొడ మీద కూర్చోబెట్టుకుని, రెండు తీగలు కలవకపోతే వాటి మధ్య పుట్టే వణుకును వినడం నేర్పించింది ఎవరు? తనకు నేర్పినవాడు పియానోల దుకాణం యజమాని, చెవి మెలిపెట్టి నేర్పాడు. నాన్న పియానో మోస్తూ మెట్ల మీద నడుం విరగ్గొట్టుకుంటే, ఆయన బదులు వచ్చిన పదకొండేళ్ళవాడికి ఆ యజమాని ఇచ్చిన చదువు అదే. వణుకు ఎన్నిసార్లో లెక్కపెట్టి చెప్పాలి, తప్పితే చెవి ఇంకో చుట్టు. రెండేళ్ళు పట్టింది తనకు ఆ వణుకు వినపడడానికి. చిట్టికి రెండు రోజులు. మూడోరోజు పిల్లకాయ తల వంచి, బావా నువ్వు కలిసిందన్నావు గానీ ఇంకా కొంచెం వణుకుతోంది అన్నాడు. వణుకుతోంది. నిజమే. ఆవేళ అతను నవ్వి తల నిమిరాడు. ఆ నిమిరిన చెయ్యి నెత్తి మీద మొట్టి ఉంటే ఇవాళ ఈ కుర్చీలో కూర్చోవలసి వచ్చేది కాదేమో.

మొదటి పాట మొదలైంది. బాస్ వాయించేవాడిది. ఈ బరోక్‌వాళ్ళ అసలు పేర్లు అతని నోట తిరగవు, అందుకని ఎవరికి వారికి తనే ఒక పేరు పెట్టుకున్నాడు. లోకమంతటికీ తెలిసిన ఆ ఒకడు పెద్దాయన. ఆయన గురించి అతనికి పట్టింపు లేదు, ఆయన ఇంటిముందు ఎప్పుడూ జనమే. మిగతావాళ్ళే తనవాళ్ళు. ఈ బాస్ వాయించేవాడు ఒక రాజుగారి కొలువులో వెనక వరుసలో నిలబడి, మనిషంత వాద్యాన్ని పట్టుకుని ఏళ్ళకేళ్ళు గడిపాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు మంచాన పడితే పని మొత్తం తను చేశాడు. వాడు పోయాక ఆ ఉద్యోగం నాకివ్వండి మహాప్రభో అని అర్జీ పెట్టుకున్నాడు. ఎక్కడినుంచో నాటకాల పాటలు కట్టే సోగ్గాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. ఆ తరవాత కూడా రాశాడు పిచ్చోడు, ఎవరూ పాడని పూజపాటలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకునే గొంతులు. ఒక అడుగు ఎక్కువ వేసి, అయ్యో అని వెనక్కి తీసుకునే తాళం. విన్న మొదటిసారి పని ఆపేసి చేతిలో ఉన్న పట్టుకారు కింద పెట్టాడు అతను. నొప్పి ఇంత కొలతగా ఉంటుందా అనిపించింది. చిట్టి దాన్ని తన వేళ్ళకు తగ్గట్టు మార్చుకుని వాయిస్తున్నాడు, బాగానే వాయిస్తున్నాడు, ఆ దించిన మెట్టు తగిలిన చోటల్లా తేనె బొట్టు పడ్డట్టుంది. మూడో వరుసలో భార్య కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. సంగీతానికి కాదు, తమ్ముడికి. ఆవిడకు ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ తేడా తెలియదు, ఉప్పు ఎక్కువైతే తెలుస్తుంది, తమ్ముడు చిక్కిపోతే తెలుస్తుంది. ఇంకాసేపట్లో ఆ కళ్ళు తెరుచుకుంటాయి. ఆవిడ మొహం చూడాలి అప్పుడు, ఇటునుంచి బాగా కనిపిస్తుంది. అందుకే కుర్చీని ఈ పక్కకు జరుపుకున్నాడు.

విలాపం దొరికింది తనకు. ఇది నిజం, రాసి లేదు, సాక్షి లేదు. ఒక ముసలావిడ ఇంట్లో పియానోకి శ్రుతి చెయ్యడానికి వెళితే, స్టూలు మూత కింద, బొద్దింకలు అంచులు కొరికిన చేతిరాత పుస్తకం ఒకటి ఉంది. తీసుకుపో నాయనా, దాని వల్ల పురుగులు అంది ఆవిడ. తెచ్చుకున్నాడు. స్వరలిపి చదవడం రాదు అప్పటికి. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, పిల్లల పుస్తకం ఒకటి కొనుక్కుని, మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో ఒక్కో చుక్కా పోల్చుకుంటూ నేర్చుకున్నాడు. ఏడు నెలలకు నాలుగు వేళ్ళతో విలాపం మొదటి పేజీ వాయించగలిగాడు. రాసినవాడి గురించి పుస్తకం వెనక ఒకే ఒక ముక్క, ఎవరినో బతిమాలి చదివించుకున్నాడు. ఊరి గోపురం గడియారానికి చావి ఇచ్చేవాడు, తీరిక వేళల్లో వాయించేవాడు, చర్చిలో వాయించే పెద్ద విద్వాంసుడు పోయినప్పుడు ఆ స్థానం అడిగాడు, ఇవ్వలేదు. అంతే. గడియారంవాడు. అతనికి చప్పున చుట్టం దొరికినట్టయింది. లోకంలో ఇన్ని లక్షలమంది ఉండగా ఆ పుస్తకం తన చేతికే ఎందుకు వచ్చిందంటే, ఎవరో మెట్లెక్కి చావి తిప్పి దిగేవాడి పాట, మెట్లెక్కి తాళం తిప్పి దిగేవాడికి కాక ఇంకెవరికి వస్తుంది.

చిట్టికి వినిపించాడు. అప్పుడు వాడు సంగీత కళాశాలలో రెండో ఏడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఎవడు బావా వీడు? మొదలు బాగుంది గానీ నడుమ దారి తప్పాడు."

"ఎక్కడరా?"

"ఇదుగో, ఈ ఎనిమిది గళ్ళు. ఉన్నచోటే ఉండి ఊరికే నొక్కుతున్నాడు. చేతకాక వదిలేసినట్టుంది. అందుకే వీడి పేరు ఎవడికీ తెలియదు."

ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే తనకూ అక్కడ అలాగే అనిపించేది. ఎన్నిసార్లు వాయించినా ఆ ఎనిమిది గళ్ళ దగ్గర పాట నీళ్ళచారులా పలచబడేది. రాసినవాడు తప్పు రాశాడో, ఎత్తి రాసినవాడు తప్పు ఎత్తాడో అనుకుని సర్దుకున్నాడు. ఇంట్లోవాడికి వంకర పన్ను ఉంటే చూడనట్టు ఉంటామే, అలా. చేతకానివాడు అన్న ఆ చిట్టే తరవాత ఆ పుస్తకం పట్టుకెళ్ళాడు, చూసి ఇస్తాను బావా అని. ఇవ్వలేదు. మూడేళ్ళకు దాని మీద వ్యాసం, వ్యాసం మీద పట్టా, పట్టా మీద ఉద్యోగం. పత్రికలో బొమ్మ వేసి, ఒక పాత ఇంట్లో అనుకోకుండా నా కంటపడింది అని రాయించుకున్నాడు. నా కంట. అడిగాడు అతను, అడగలేదని కాదు. "నీ పేరు వేస్తే ఎవరు నమ్ముతారు బావా, ఆరో తరగతి అని రాయమంటావా?" అన్నాడు నవ్వుతూ, చెంచాతో పెరుగు గిన్నె అడుగు గీకుతూ. భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు ఆవిడ మరిచిపోయింది. అతను మరచిపోలేదు. ఇవాళ పంచిన కార్యక్రమ పత్రం నాలుగుగా మడిచి చొక్కా జేబులో ఉంది, అందులో చివరి రెండు వరుసలు కంఠస్థం అయిపోయాయి. వాద్యం: కళాకారుని సొంతం. శ్రుతి: హాలు సిబ్బంది. ఆ వాద్యం చెయ్యడానికి నాలుగేళ్ళు షెడ్డులో నిలబడింది ఈ హాలు సిబ్బందే. పలక చెక్కను చెంపకు ఆనించి, వేలితో తట్టి, మందం ఎక్కడెక్కడ గోకాలో వింటూ గోకింది, తీగను మీటే ఈకముక్కలు ఒక్కోటీ బ్లేడుతో చెక్కింది ఈ సిబ్బందే. పూర్తయిన రోజున భార్య చుట్టూ తిరిగి చూసి, "వాడికిచ్చేద్దామండీ, మీకెలాగూ వాయించడం రాదుగా" అంది. ఎంత మామూలుగా అంది. వంకాయలు తరుగుతూ అన్నట్టు.

రెండో పాట అయిపోయింది, మూడోది నడుస్తోంది. ఒకావిడది. పాడేది, రాసేది, ఎనిమిది పుస్తకాలు అచ్చు వేయించుకుంది, ఏ కొలువూ ఇవ్వలేదు ఎవరూ. ఆవిడ గీసిన స్వరం కిందికి దిగే తీరు చూస్తే, ఏడవకూడదని పళ్ళు బిగపట్టినవాళ్ళ గొంతు గుర్తొస్తుంది. ఇంకొకడున్నాడు ఈ జాబితాలో లేనివాడు, వయొలిన్ తీగలను కావాలని తప్పుగా బిగించి, ఒక్కో పాటకు ఒక్కో తప్పు చొప్పున రాసుకుపోయినవాడు. క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాడు వాణ్ణి. తీగకు ఇబ్బంది పెడితే తప్ప పలకని మాట ఒకటి ఉంటుందని వాడికి తెలుసు. ఇప్పుడు వీళ్ళందరికీ చప్పట్లు. హాలు నిండా ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చి, అయ్యో ఇంత గొప్పవాణ్ణి లోకం గుర్తించలేదే అని బుగ్గలు నొక్కుకుంటారు. ఆ లోకం మీరేగదరా. మూడొందల ఏళ్ళ కిందట ఉంటే మీరే ఆ సోగ్గాడికి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడ తెర వెనక కూర్చున్నవాణ్ణి ఎవరు గుర్తిస్తున్నారు, మేనేజరమ్మ కాఫీ అయినా అడిగిందా? చచ్చినవాణ్ణి మెచ్చుకోవడం సులువు, వాడు ఎదురు మాట్లాడడు, వాటా అడగడు. గుప్పిట్లో తాళం చెమటకు జారుతోంది. అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. భయం కాదు. కచ్చితంగా భయం కాదు. పెళ్ళిలో వంట కుదరనప్పుడు వంటవాడు వరండాలోంచి పంక్తి వైపు చూస్తాడే అలాంటిది, కాకపోతే ఈ వంటవాడు విషం వేశాడు.

విలాపం మొదలైంది. ఒక్క తీగ, తరవాత రెండోది, మెట్లెక్కే అడుగుల్లా. చిట్టి తొందరపడడు ఇక్కడ, అది ఒప్పుకోవాలి. వెనకటి పుస్తకంలో బొద్దింక కొరికిన చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. రెండో పేజీ. అతను వణుకు లెక్కపెట్టినట్టు గళ్ళు లెక్కపెడుతున్నాడు, ఇంకా పన్నెండు గళ్ళు, ఇంకా ఏడు, ఒక్కసారి లేచి కేక వేసి ఆపుదామా అనిపించింది. చిట్టి కోసం కాదు, గడియారంవాడి కోసం. వాడిదేం తప్పు పాపం, వాణ్ణి వాడి గొంతులోనే పొడుస్తున్నాడు తను. చిట్టిని కొట్టడానికి దొరికిన కర్ర వాడి వెన్నెముక. ఆ సంగతి పొద్దుటినుంచీ తెలుసు, తెలిసే చేశాడు. ఇంకా మూడు. ఇంకా ఒకటి.

ఊళ. చెక్క మొత్తం ఒక్కసారి గురగురలాడింది. ముందు వరుసలో ఎవరిదో కాగితం చేతిలోంచి జారింది. భార్య కళ్ళు తెరిచింది. చిట్టి మెడ ఒక్క క్షణం కొయ్యబారింది, తల తిప్పకుండా కళ్ళు మాత్రం తెర వైపు తిప్పి చూశాడు, ఆ చూపు తగిలింది, సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. ఇప్పుడు తడబడతాడు. ఇప్పుడు దాటేసి పరుగెత్తుతాడు. చిట్టి పరుగెత్తలేదు. వేళ్ళు ఆ రెండు మెట్ల మీదే ఉంచి, ఊళ పూర్తిగా ఆరేదాకా ఆగాడు. తరవాత రెండోసారి నొక్కాడు, ఇంకా నిదానంగా. మూడోసారి. అప్పుడు వినపడింది అతనికి. పద్నాలుగేళ్ళుగా నీళ్ళచారు అనుకున్న ఆ ఎనిమిది గళ్ళు. దారి తప్పలేదు గడియారంవాడు. తోడేలు ఎక్కడ కట్టి ఉందో తెలిసి, పాటంతా దాన్ని తప్పించుకు నడిచి, నడుమకు వచ్చేసరికి తనంతట తను దాని ముందుకెళ్ళి కూర్చున్నాడు. ఎనిమిదిసార్లు చెయ్యి పెట్టి ఎనిమిదిసార్లు కరిపించుకున్నాడు. అరవడం రానివాడు, అర్జీ తిరిగొచ్చినవాడు, ఊరివాళ్ళు చెవులు మూసుకునే చోట తన మాట దాచిపెట్టాడు. మెత్తటి శ్రుతిలో అది చచ్చిపోతుంది. కచ్చతో చేసిన శ్రుతిలో లేచి నిలబడింది. ఎనిమిదో ఊళ తరవాత తియ్యటి స్వరం వచ్చినప్పుడు హాల్లో ఒక్కరు కూడా దగ్గలేదు. అతనికి ముక్కు కారింది, చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. తన జీవితంలో మొదటిసారి ఆ పాట విన్నాడు, ఎవరి చేతినుంచి వినకూడదో వాడి చేతినుంచి. ఇంకెవరి చెయ్యయినా ఆ మొదటి ఊళకే జారిపోయేది. అదొక్కటే మింగుడుపడలేదు.

చప్పట్లు ఆగలేదు. జనం లేచి నిలబడ్డారు, భార్య అందరికంటే ముందు లేచింది, చెంపలు తడిసిపోయి. చిట్టి నాలుగుసార్లు వంగి, చెయ్యెత్తి ఆపమన్నాడు.

"చాలామంది ఆ నడుమ భాగం విని ఉలిక్కిపడి ఉంటారు," అన్నాడు. "స్వరకర్త కోరుకున్నది అదే. ఇన్నేళ్ళూ మెత్తటి శ్రుతిలో వాయించి ఆయన్ను మనమే మూగవాణ్ణి చేశాం. ఇవాళ ధైర్యం చేసి ఆయన శ్రుతిలోనే వినిపించాలనుకున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు చేసిన మా సిబ్బందికి కృతజ్ఞతలు."

పత్రికవాళ్ళు రాసుకుంటున్నారు. అతను లేచాడు, ఇప్పుడు చెప్పాలి, నలుగురి ముందూ చెప్పాలి. ఏం చెప్పాలి? వాడు చెప్పలేదండీ, నేనే చేశాను, వాడి పరువు తీద్దామని చేశాను అనా? తరవాత ఏ గుమ్మం ఎక్కనిస్తారు తనను, ఏ మూత తెరవనిస్తారు? నోరు తెరిస్తే తిండి పోతుంది, మూస్తే పేరు పోతుంది. కుర్చీ మడిచి గోడకు ఆనించాడు. చిట్టి లోపలికొచ్చి గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని దగ్గరికి వచ్చాడు. 

"నన్ను చంపుదామనే చేశావు కదూ బావా?"

అతను శ్రుతి తాళాన్ని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

"నాకు తెలిసింది, మొదటిసారి నొక్కగానే తెలిసింది. ఎవరికీ చెప్పన్లే, అక్కకు కూడా చెప్పను. వచ్చే నెల ఆరునుంచి రికార్డింగు, ఆపైన పధ్నాలుగు ఊళ్ళు. ఇదే శ్రుతి కావాలి, ఇదే మెట్టు, ఇంతే దించాలి. ఇంకొకడి వల్ల కాదు. నువ్వే రావాలి."

"రాకపోతే?"

"వస్తావు బావా. ఆ ఎనిమిది గళ్ళు మళ్ళీ వినకుండా నువ్వు ఉండలేవు."

భుజం తట్టి, నవ్వు మొహం పెట్టుకుని జనంలోకి వెళ్ళిపోయాడు. భార్య వాడి మెడ కౌగలించుకుని, ఇటు తిరిగి, "విన్నారా అండీ, ఎలా వాయించాడో విన్నారా" అంది. విన్నాను అన్నాడు. హాలు ఖాళీ అయ్యాక వేదిక మీదికెక్కి మూత దించబోతుంటే, ముందు వరుసలో ఎప్పుడూ కూర్చునే పళ్ళ డాక్టరు, రెండు చేతులూ వెనక కట్టుకుని, వాద్యం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. చెక్కను గోటితో మెల్లగా తట్టి చూశాడు.

"ఆచార్యులుగారి అదృష్టం. ఇలాంటిది చేయించుకోవాలంటే ఏమాత్రం పడుతుందయ్యా?"

"మూడొందల పన్నెండు గజాల స్థలం," అన్నాడు అతను, దుమ్ము గుడ్డతో మెట్లు తుడుస్తూ. "మా నాన్న నడుం విరిగినప్పుడు కూడా అమ్మనిది. రెండు వైపులా రోడ్డు."